అగ్గిపెట్టె పొడవు, దాని మీద ఓ వేలు

"నువ్వు తుపాకీ ముట్టుకోకూడదు," అంది హెస్టర్ క్వార్ల్స్.

వాషింగ్టన్‌లో ఆ ఆఫీసు తలుపు మీద ఏదో ఇన్సూరెన్సు కంపెనీ పేరుంటుంది. లోపల మాత్రం ఇన్సూరెన్సు ఇవ్వదగ్గ ప్రాణాలు తక్కువ. హెస్టర్ క్వార్ల్స్ అక్కడ చీఫ్. ఆవిడ ఎదురుగా కూర్చున్న ఏజెంట్ లోవెల్ ట్రెడ్‌వే ఆ మాటకి నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నట్టు కనపడాలని కూడా చూశాడు.

"మేడమ్, మన డిపార్ట్‌మెంట్‌లో పిస్టల్ ఛాంపియన్ని నేను."

"తెలుసు. మర్చిపోదామన్నా నువ్వు మర్చిపోనివ్వవు. ఇది పిస్టల్ కాదు. యుద్ధకాలం నాటి రైఫిళ్లు, వాటి మీద టెలిస్కోపులు. మోంటానాలో టాల్బట్ క్రీక్ అని ఓ ఊరుంది. అక్కడి క్లబ్బు ఏటా అక్టోబర్‌లో పోటీ పెడుతుంది. పన్నెండు మంది ముసలాళ్లు కాలిస్తే, ఒకడు వెనక కూర్చుని స్టాండు మీది దుర్భిణిలోంచి గుండు ఎక్కడ పడిందో చూసి చెబుతాడు. ఆ చెప్పేవాడివి నువ్వు."

"కాల్చేవాళ్లలో మనవాడెవరు?"

చీఫ్ ఒక ఫోటో ముందుకి తోసింది. చప్పిడి మొహం, తెల్లటి కనుబొమలు, ఉన్ని టోపీ.

"ఓట్టో లిండ్‌క్విస్ట్. పాల యంత్రాలు బాగుచేసి రిటైరయ్యాడు. స్వీడన్ నుంచి వచ్చిన కుటుంబం. ఇదంతా మనం రాసిన కథే. అసలు మనిషి మాస్కోలో సంకేత లిపి విభాగంలో ఉండేవాడు. కుర్రతనంలో యుద్ధంలో స్నైపర్, దాక్కుని గురిచూసి కాల్చేవాడు. మన పక్కకి వచ్చేశాక మొహం మార్పించాం. మన ప్రభుత్వంలో కూర్చుని మాస్కో కూడు తింటున్నవాళ్ల పేర్లు సోమవారం పొద్దున్న సెనేట్ కమిటీ ముందు చెబుతాడు."

"అప్పటిదాకా ఎక్కడైనా తలుపేసి ఉంచొచ్చుగా?"

"అన్నాను. ఆదివారం పోటీ మానిపిస్తే సోమవారం నోరు విప్పనన్నాడు. వాళ్ల రింగ్, అదే ఆ గూఢచారుల ముఠా తాలూకు మనిషి పోటీకి వస్తున్నాడని సమాచారం. కానీ ఆ ముసలాళ్లలో ఓట్టో ఎవరో ఆ మనిషికి తెలీదు. మనకున్న రక్ష అదొక్కటే."

"నాకు తోడెవరు?"

"కోరిన్ వాల్డ్రన్. పత్రికా విలేఖరి వేషంలో వస్తుంది. మన మనిషే. నువ్వెవరో ఆమెకు తెలుసు. ఓట్టో ఎవరో తెలీదు. తెలియనివ్వకు కూడా. ప్రమాదం అనిపిస్తే 'గాలి మళ్లింది' అను. ఓట్టో అన్నీ వదిలేసి లేస్తాడు." చీఫ్ బల్ల కిందనుంచి ఒక దుర్భిణి తీసింది. "ఇందులోంచి చూడొచ్చు, ఫోటో తియ్యొచ్చు. ఈ మర పక్కకి తిప్పితే పార్కింగ్‌లో డోనట్ వ్యాన్‌లో ఉన్న మనవాళ్లకి మోగుతుంది."

"డోనట్లు నిజంవేనా?"

"వాళ్లే తినెయ్యకపోతే నిజంవే. ట్రెడ్‌వే, ఇంకోసారి చెబుతున్నా. తుపాకీ ముట్టుకోకు."

ఇంత విడమరిచి చెప్పాక పసిపిల్లాడైనా ముట్టుకోడు. ట్రెడ్‌వే పసిపిల్లాడు కాదు. అదే వచ్చిన చిక్కు.

శనివారం ప్రాక్టీసు. కొండల మీద అప్పటికే మంచు పడింది. క్లబ్బు షెడ్డులో కాఫీ మరుగుతోంది, పక్కన కడాయిలో బీన్స్ ఉడుకుతున్నాయి. ముసలాళ్లంతా తమ రైఫిళ్లని మనవల్ని ఎత్తుకున్నంత జాగ్రత్తగా తెచ్చి చాపల మీద పడుకోబెడుతున్నారు. ట్రెడ్‌వే గళ్ల కోటు వేసుకుని, ఈ పనికోసమే పెంచిన మీసంతో, ఒహాయో నుంచి వచ్చిన ఇనప సామాన్ల వ్యాపారిగా తిరుగుతున్నాడు. వేషం బాగానే కుదిరింది. లోపలి మనిషే కుదరలేదు.

కోరిన్ వాల్డ్రన్ కారు దిగింది. నల్ల కోటు, పగడం రంగు పెదవులు. కాల్పుల రేంజ్ మొత్తం మీద టోపీలు ఒక్కసారిగా సర్దుకున్నాయి. ఆమె నోట్‌పాడ్ పట్టుకుని తిన్నగా ట్రెడ్‌వే దగ్గరికి వచ్చింది.

"మీరూ కాలుస్తారా?" అంది అందరికీ వినపడేలా.

జవాబు చెప్పింది క్లబ్బు ప్రెసిడెంట్ బర్ల్ ఓస్ట్రాండర్. ఆయన చేతిలో మైకు ఉంది. అది లేకపోయినా పక్క ఊరికి వినిపించే గొంతు ఆయనది.

"ఒహాయో బాసా? ఆయన అద్దంలోంచి చూసే బాపతమ్మా! పెళ్లికొచ్చి పీటల మీద కూర్చోనివాడు!"

అందరూ నవ్వారు. కోరిన్ కూడా నవ్వింది. ఆ ఒక్క నవ్వే ట్రెడ్‌వేకి గుచ్చుకుంది. చీఫ్ మాట గుర్తుంది. గుర్తుండగానే పక్క చాప మీదున్న ఓట్టో వైపు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి పెద్దాయనా. రెండు గుళ్లు కాలుస్తాను."

ఓట్టో కళ్లు చిన్నవి చేసి చూశాడు. "ఇలాంటిదాంతో ఎప్పుడైనా కాల్చావా బాబూ?"

"బోలెడు సార్లు."

అది అబద్ధం. ఆ పొద్దున్న ఎవరూ లేనప్పుడు బెంచీ మీద కూర్చుని ఆ రైఫిల్ భుజానికి ఆనించి చూసుకున్నాడు, అంతే. దాని మీది టెలిస్కోపులో, అదే స్కోప్‌లో, బొమ్మ గుండ్రంగా, నిండుగా కనపడింది. ఓస్, ఇంతేగా అనుకున్నాడు. కూర్చున్నప్పుడు మెడ నిటారుగా ఉంటుంది, కన్ను అద్దానికి దూరంగా ఉంటుంది. బోర్లా పడుకుంటే మెడ సాగుతుంది, మొహం తనకి తెలియకుండానే ముందుకి జరుగుతుంది. ఈ సంగతి టాల్బట్ క్రీక్‌లో స్కూలు పిల్లలకి కూడా తెలుసు. పిస్టల్ ఛాంపియన్లకి తెలియాల్సిన అవసరం రాలేదు.

బోర్లా పడుకున్నాడు. బొమ్మ చుట్టూ నల్లటి నీడ కమ్మింది. అది 'వెనక్కి జరుగు నాయనా' అని స్కోప్ చెప్పడం. అతను ఇంకాస్త దగ్గరికి జరిగి ట్రిగ్గర్ నొక్కాడు.

భుజానికి ఆనే ఆ రైఫిల్ మడమకి రబ్బరు లేదు, ఉన్నది ఇనప రేకు. అది భుజాన్ని ఒక్క తోపు తోసింది. దాంతో పాటే స్కోప్ వెనక్కి వచ్చి కుడి కనుబొమ మీద ఠంగున కొట్టింది. చుక్కలు కనపడ్డాయి. తర్వాత ఎరుపు తప్ప ఇంకేమీ కనపడలేదు. చెయ్యి పెట్టి చూసుకుంటే రక్తం. చంద్రవంక ఆకారంలో, కంపాస్ పెట్టి గీసినంత చక్కగా తెగింది.

బర్ల్ మైకు అందుకున్నాడు.

"ముద్దు పెట్టిందిరోయ్! ఒహాయో బాసుకి ముద్దు పెట్టింది! కెమెరా తీసుకురండి!"

షెడ్డులో కాఫీ పాత్ర వెనక ఒక గోడ ఉంది. స్కోప్ ముద్దు పెట్టిన ప్రతివాడి ఫోటో అక్కడ మేకుకి ఎక్కుతుంది. ఎక్కువమంది పద్నాలుగేళ్లవాళ్లు. ఓ పాస్టర్ గారు కూడా ఉన్నారు. ట్రెడ్‌వేని కుర్చీలో కూర్చోబెట్టి, రక్తం తుడవకుండా ఫోటో తీశారు. శత్రువుల గదుల్లో తలకిందులుగా వేలాడినప్పుడు కూడా అతనికి ఇంత సిగ్గు వెయ్యలేదు. అక్కడ కనీసం ఎవరూ నవ్వలేదు.

నవ్వనివాడు ఇక్కడ ఒక్కడే, ఓట్టో. షెడ్డు వెనక్కి పిలిచి, జేబురుమాలు ఇచ్చి, మెల్లగా అన్నాడు: "నాకూ తగిలింది బాబూ, మొదటిసారి. అందరికీ తగులుతుంది. నీకు అబద్ధం ఆడాక తగిలింది, అందుకే ఎక్కువ మండుతోంది."

ట్రెడ్‌వే జేబురుమాలు కనుబొమకి అదుముకున్నాడు.

ఓట్టో చుట్టూ చూసి, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. "ఇలా చూడు. ముందు నుదుటిని స్కోప్ అంచుకి ఆనించు. పెద్దవాళ్లకి దణ్ణం పెట్టినట్టు. తర్వాత వెనక్కి రా. అగ్గిపెట్టె పొడవు, దాని మీద ఓ వేలు వెడల్పు. అక్కడ ఆగు. చెంప ఎక్కడ ఆనిందో గుర్తుపెట్టుకో. ఇక ఆ రోజంతా చెంపే కన్నుని కాస్తుంది. నేను రోజూ మొదటి గుండుకి ముందు ఇలాగే చేస్తాను. మా బళ్లో..." ఠక్కున ఆగాడు. అగ్గిపెట్టె జేబులోకి పోయింది. "ఇక్కడివాళ్లు ఇలా చెయ్యరు. ఎవరికీ చూపించకు."

"చూపించను పెద్దాయనా," అన్నాడు ట్రెడ్‌వే. నిజంగా ఆ ఉద్దేశంతోనే అన్నాడు.

ఆ సాయంత్రం రోడ్డు పక్క డైనర్‌లో, డాక్టరు కుట్లు వేసిన అతని కనుబొమ మీద కోరిన్ అయోడిన్ అద్దింది. వేళ్లు మెత్తగా ఉన్నాయి. మాటలు అంతకన్నా మెత్తగా ఉన్నాయి. ముందు యాపిల్ పై, దాని మీద కరిగిపోతున్న ఐస్‌క్రీమ్.

"పాపం. రేపు కూడా అందరూ నవ్వుతారు కదా," అంది.

"రేపు నవ్వరు."

"అంత ధీమా ఏమిటో?"

ఇక్కడ మనవాడు నోరు మూసుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఆమె మన మనిషేనని అతని నమ్మకం. అది సాకు. అసలు సంగతేమిటంటే, ఆ కళ్లలో తాను వెర్రివెంగళప్పలా మిగిలిపోవడం అతనికి ఇష్టం లేదు.

"కిటుకు తెలిసింది. నుదురు అంచుకి ఆనించి, అగ్గిపెట్టె పొడవు, దాని మీద ఓ వేలు వెనక్కి రావాలి. మొదటి గుండుకి ముందు ఎప్పుడూ అలాగే చెయ్యాలట."

కోరిన్ కాఫీలో చెంచా తిప్పుతోంది. చెంచా ఆగింది. మళ్లీ తిరిగింది.

"అగ్గిపెట్టా? భలే ఉందే. ఎవరు నేర్పారేమిటి?"

"ఆ తుపాకీ పెద్దాయనే."

"మంచివాడు," అంది కోరిన్. తర్వాత యాపిల్ పై చాలా బావుందంది.

ఆదివారం పొద్దున్న ముక్కులు ఊడిపోయే చలి. అందరికీ చేతులకి గ్లవ్స్. పన్నెండు మంది చాపల దగ్గరికి చేరారు. కాల్పులకి ముందు క్లబ్బు ఆచారం ఒకటుంది. నిన్న ఎవరినైనా ముద్దు పెట్టుకున్న రైఫిల్ స్కోప్ అంచుకి ఎవరో ఒక ఆడమనిషి లిప్‌స్టిక్ పూస్తుంది. ఇవాళ మళ్లీ ముద్దు తగిలితే ఆ ఎర్ర వంక నుదుటి మీద అచ్చుపడి అందరికీ కనపడుతుంది. ఏటా ఆ పని బర్ల్ భార్యది.

"ఈసారి నేను పూస్తానండీ," అంది కోరిన్. "నా పత్రికకి మంచి ఫోటో వస్తుంది."

ముసలాళ్లు చప్పట్లు కొట్టారు. బర్ల్ భార్య తన లిప్‌స్టిక్ మూతపెట్టి కాస్త చిన్నబుచ్చుకుంది. కోరిన్ గ్లవ్స్ తియ్యకుండానే మోకాళ్ల మీద కూర్చుని ఓట్టో రైఫిల్ స్కోప్ అంచు చుట్టూ చిక్కటి ఎరుపు రాసింది. పెళ్లికూతురికి పారాణి పెట్టినంత శ్రద్ధగా రాసింది. బర్ల్ మైకులో ఏదో మోటు జోకు వేశాడు. ట్రెడ్‌వే చెవులు కాలిపోయాయి. తలొంచుకుని దుర్భిణి వెనక కూర్చున్నాడు.

అక్కడ కూర్చుంటే అన్నీ కనపడతాయి. ఊరికే కళ్లు దాచుకోవడానికి దుర్భిణిని పక్కకి తిప్పితే అందులో కోరిన్ మొహం పడింది. ఆమె పెదవులకి ఇవాళ రంగు లేదు.

ఇంత మంది ముందు ఫోటోకని వచ్చిన మనిషి, చేతిలో లిప్‌స్టిక్ పట్టుకుని, తను రాసుకోకుండా వచ్చింది. చూస్తుండగానే ఆ లిప్‌స్టిక్‌ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోలేదు. నూనె గుడ్డలు పారేసే డబ్బాలో పడేసింది. దాని వెనకే గ్లవ్స్ కూడా పడేసింది. అంత చలిలో గ్లవ్స్ తీసి పారేసి, వట్టి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.

నుదురు అంచుకి ఆనించి. ఎప్పుడూ అలాగే చెయ్యాలట. తన గొంతే, తన మాటలే, ఐస్‌క్రీమ్ కరుగుతుండగా వినపడ్డాయి. వాళ్ల రింగ్ మనిషి ఎవరో వెతకాల్సిన పని లేదు. అయోడిన్ అద్దించుకుంటూ మనవాడే తాళంచెవి చేతిలో పెట్టాడు.

"గాలి మళ్లింది!" అని అరిచాడు.

ఓట్టో చాప మీద బోర్లా పడుకున్నాడు. కాల్పుల మోతకి అడ్డుగా చెవులకి లావుపాటి డొప్పలున్నాయి. ఆయనకి వినపడలేదు. రైఫిల్‌లో ఇంకా గుండు పెట్టలేదు. మొదటి గుండుకి ముందు చేసే పని చేస్తున్నాడు. రంగు అంటితే తుడుచుకోవచ్చు అనుకున్నాడేమో, కళ్లు మూసుకుని, మెల్లగా, ఆ ఎర్రటి అంచు వైపు నుదురు వంచుతున్నాడు.

"గాలి మళ్లింది పెద్దాయనా!"

"గాలే లేదు బాసూ, కూర్చో!" అన్నాడు బర్ల్ మైకులో.

నుదుటికీ అంచుకీ మధ్య అగ్గిపెట్టె పొడవు కూడా లేదు. వేలు వెడల్పు మిగిలింది. ట్రెడ్‌వే దూకాడు. కాలితో రైఫిల్‌ని తన్నాడు.

ఆ క్లబ్బులో మనిషిని తంతే పంచాయితీ ఉంటుంది. ఇంకొకడి రైఫిల్‌ని తంతే అది కూడా ఉండదు, గెంటెయ్యడమే. నలభై ఏళ్ల నాటి రైఫిల్ రాళ్ల మీద దొర్లి, స్కోప్ మట్టిలో దిగబడింది. ఓట్టో డొప్పలు తీసి, మట్టిలో ఉన్న తుపాకీనీ ట్రెడ్‌వేనీ మార్చి మార్చి చూశాడు. ఎవరో తన కొడుకుని చెంపమీద కొడితే తండ్రి చూసే చూపు అది.

"ఏం చేశావయ్యా?" అన్నాడు బొంగురుగా.

ట్రెడ్‌వే చెప్పలేడు. చెబితే ఓట్టో ఎవరో అందరికీ తెలిసిపోతుంది. "ముట్టుకోకండి," అని మాత్రం గొణిగి, వెనక్కి వచ్చి దుర్భిణి కింది మర పక్కకి తిప్పాడు. బర్ల్ మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది.

"కాల్పులు ఆపండి! అందరూ లేవండి! ముద్దు పెట్టిందని కోపమా నీకు? తుపాకీ మీద కక్ష తీర్చుకుంటావా? సిగ్గుందా?"

"ఉంది," అన్నాడు ట్రెడ్‌వే. ఆ వారంలో అతను ఆడిన మొదటి నిజం అది.

పార్కింగ్‌లో కోరిన్ కారు తలుపు తీసేసరికి డోనట్ వ్యాన్ అడ్డంగా వచ్చి ఆగింది. మీసాలకి చక్కెర అంటుకున్న ఇద్దరు దిగి ఆమె చేతులు వెనక్కి విరిచారు. ఒకడు వెళ్లి నూనె గుడ్డల డబ్బాకీ ఆ రైఫిల్‌కీ గోనెసంచి కప్పేశాడు. ట్రెడ్‌వే పరిగెత్తుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె కంగారు పడలేదు.

"రెండు పక్కలా జీతం తీసుకుంటున్నావన్నమాట," అన్నాడు.

"జీతం ఇచ్చింది వాళ్లు. పని చేసిపెట్టింది నువ్వు. పన్నెండు మంది ముసలాళ్లలో ఎవరో నాకు నెల తిరిగినా తెలిసేది కాదు. అగ్గిపెట్టెతో కొలవడం వాళ్ల స్నైపర్ బళ్లో తప్ప ఇంకెక్కడా నేర్పరు. నేను అడగనైనా లేదు, ట్రెడ్‌వే. నువ్వే చెప్పావు."

వ్యాన్‌వాళ్లిద్దరూ మర్యాదగా వేరే వైపు చూశారు. అది ఇంకా బాధగా ఉంది.

సోమవారం ఓట్టో కమిటీ ముందు పేర్లన్నీ చెప్పాడు. సాయంత్రానికి వాషింగ్టన్‌లో కొన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయి. చీఫ్ గదిలో బ్లైండ్స్ దించి ఉన్నాయి.

"ఆ రంగులో విషం కలిపారు, నుదుటికి తగిలితే చాలట," అంది హెస్టర్ క్వార్ల్స్. "గుండె ఆగినట్టు ఉంటుందట. ముసలాయన, చలి, చాప మీద పోయాడు, పాపం అనేవాళ్లు. చివరి క్షణంలో బాగానే ఆపావు. ఒక్కటి అడుగుతాను. ఓట్టో ఎవరో ఆమెకు ఎలా తెలిసింది?"

అబద్ధం తయారుగానే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కనుబొమ మీద కుట్లు లాగాయి.

"నేనే చెప్పాను మేడమ్. ఆమె నన్ను వెర్రివాడనుకోకూడదని చెప్పాను."

చీఫ్ ఫైలు మూసింది. తిడితే బావుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు.

"క్లబ్బు నిన్ను జన్మలో గేటు దాటనివ్వనంది. గోడ మీద నీ ఫోటో కింద 'తుపాకీని తన్నినవాడు' అని రాశారట. మనవాళ్లని పంపి ఆ ఫోటో తీయించనా?"

"వద్దు మేడమ్. ఉండనివ్వండి."

"ఉండనిద్దామనే నేనూ అనుకున్నాను. ఓట్టో పక్క గదిలో ఉన్నాడు. రాత్రికి కొత్త పేరుతో కొత్త ఊరు వెళ్తాడు. వెళ్లి కనపడు."

ఓట్టో కిటికీ దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిన్న పెట్టె, గోనెగుడ్డలో చుట్టిన రైఫిల్. మన ల్యాబ్‌వాళ్లు కడిగి తుడిచి ఇచ్చారు. స్కోప్ మాత్రం వంగిపోయింది.

"మీ తుపాకీ..." అని మొదలుపెట్టాడు ట్రెడ్‌వే.

"స్కోప్ ఇంకోటి దొరుకుతుంది." ఓట్టో అతని కనుబొమ మీది కుట్లు చూశాడు. "అగ్గిపెట్టె సంగతి నేను నీకొక్కడికే చూపించాను బాబూ."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ట్రెడ్‌వే ఏదో ఒకటి అనగలిగేవాడు. కాపాడమని తనకి అప్పజెప్పిన మనిషిని తనే అమ్మేసి, మళ్లీ తనే కొనుక్కొచ్చాడు. దానికి థాంక్స్ చెబుతాడేమోనని భయం వేసింది.

ఓట్టో థాంక్స్ చెప్పలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఉంచుకో. ఈసారి నిజంగానే ఎవరికీ చూపించకు."

గాయం మానింది, వంక మిగిలింది. అప్పట్నుంచి ఏ అందగత్తె అయినా దగ్గరికి వంగి, ఆ మచ్చ ఏమిటని అడిగితే, లోవెల్ ట్రెడ్‌వే అగ్గిపెట్టె పొడవు, దాని మీద ఓ వేలు వెనక్కి జరిగి, తలుపు తగిలిందని చెబుతాడు.